ఆదివారం బిర్యానీకి వెళ్లాలా, మానాలా?

అన్నా,
నాకు 31 ఏళ్లు. మాది సూర్యాపేట దగ్గర పల్లెటూరు. హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగం. నేను గే అని ఇంట్లో తెలియదు, ఆఫీసులో ఇద్దరికి తెలుసు. ఈ ఊళ్లో నాకు అంటూ ఉన్నది ఒక్క స్నేహితుల గుంపే. తొమ్మిది మందిమి, ఆరేళ్లుగా ప్రతి ఆదివారం కొండాపూర్‌లో ఎవరో ఒకరి ఫ్లాట్‌లో కలుస్తాం. వాట్సాప్ గ్రూపులో ఒకటే రూలు: నో పాలిటిక్స్.

2025 మేలో యుద్ధం జరిగిన నాలుగు రోజులూ గ్రూపు నిండా జెండాలు, మిసైల్ వీడియోలే. మే 8 రాత్రి కరాచీ పోర్టు తగలబడిపోయిందని ఒకరు పెడితే, "నిజమో కాదో ముందు తెలియనివ్వండి. నిజమే అయినా సంబరం ఎందుకు, అక్కడ ఉన్నదీ మనుషులే కదా" అన్నాను. అంతే, తగులుకున్నారు. 'కె' అనుకోండి, నాకు చాలా దగ్గరి వాడు, "పాకిస్తాన్ వెళ్లి గే అని చెప్పుకో, తెలుస్తుంది" అన్నాడు. మాట మీద మాట పెరిగి, "ఈ స్క్రీన్‌షాట్లు మీ ఆఫీసుకి పంపిస్తే నీ రెండు రంగులూ బయటపడతాయి" అన్నాడు. పంపలేదు. సారీ కూడా చెప్పలేదు. ఇంట్లో తెలిసినప్పటి నుంచి మూడు సంక్రాంతులకు కె ఊరికి వెళ్లలేదు, మా ఫ్లాట్‌లోనే పండగ చేసుకున్నాడు. అలాంటివాడు నన్ను అంత మాట అన్నాడు.

ఇప్పుడు ఏ దేశంలో యుద్ధం వార్త వచ్చినా అదే గొడవ. గాజా అంటే "అక్కడ మనలాంటి వాళ్లని బతకనిస్తారా" అంటారు. నేను ఆదివారాలు వెళ్లడం మానేశాను. కె డీపీ చూస్తుంటాను. ఆ మేలో తిరంగా ర్యాలీలో వాళ్ల నాన్నతో దిగిన ఫొటో, ఇంకా మార్చలేదు.

నా పార్ట్‌నర్‌ది అల్వాల్. వాళ్ల నాన్న సైన్యంలో చేసి రిటైరయ్యారు. ఆయన లెక్కలో నేను రూమ్మేట్‌ని. ఆ నాలుగు రోజుల్లో ఒక సాయంత్రం వాళ్లింట్లోనే ఉన్నాను, ఆయన టీవీ కట్టేసి మొక్కలకి నీళ్లు పోయడానికి వెళ్లిపోయారు. పార్ట్‌నర్ ఏమంటాడంటే, "మన మీద ఉన్న ఒక ముద్ర చాలదా? నోరు మూసుకుని వెళ్లి బిర్యానీ తినరాదూ?" సారీ చెప్పి వెళ్లమంటారా? గ్రూపు వదిలేయమంటారా? వదిలేస్తే ఈ ఊళ్లో నాకెవరున్నారు?
- పేరు వద్దు, మణికొండ

తమ్ముడూ,

ముందు స్క్రీన్‌షాట్ల సంగతి చూద్దాం. మిగతాదంతా మనసుకి సంబంధించింది, ఇది ఉద్యోగానికి, ఇంటికి సంబంధించింది. ఆ మెసేజ్ చెరిపేయకు. తేదీ, పేరు కనపడేలా తీసి ఫోన్‌లో కాక ఇంకోచోట దాచిపెట్టు. గే కావడం 2018 సెప్టెంబర్ 6 నుంచి ఈ దేశంలో నేరం కాదు. అంతకు ముందు ఏడాదే సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల బెంచి ప్రైవసీ ప్రాథమిక హక్కు అన్నప్పుడు, మనం ఎవరిని ఇష్టపడతామన్నది కూడా అందులోకే వస్తుందని రాసింది. పరువు తీస్తానని బెదిరించి ఒకరి నోరు మూయించడం భారతీయ న్యాయ సంహిత 351 కిందికి వస్తుంది. కె మీద కేసు పెట్టమని కాదు ఇదంతా చెప్పడం. రాత్రి పన్నెండింటికి ఫోన్ మోగితే గుండె జారిపోకుండా ఉండడానికి. ఆఫీసులో తెలిసిన ఆ ఇద్దరిలో ఒకరితో, "ఇలా ఒక బెదిరింపు ఉంది" అని ఇప్పుడే చెప్పి ఉంచు. ముందే తెలిసిన మనిషి ఒకరు లోపల ఉంటే ఆ బెదిరింపుకి సగం బలం పోతుంది.

ఇంకో జాగ్రత్త. గ్రూపులో నలుగురి మధ్య అన్న మాటని కోపంలో ఫేస్‌బుక్‌కి ఎక్కించకు. ఆ మేలోనే ఒక ప్రొఫెసర్ పోస్టు రాసినందుకు అరెస్టయ్యాడు, సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలిస్తే గానీ బయటికి రాలేదు. భయపడమని కాదు. ఏ మాట ఎక్కడ అంటే ఎంత ఖర్చవుతుందో తెలిసి అనమని.

ఇక ఆ 'నో పాలిటిక్స్'. మన వాట్సాప్ గ్రూపులన్నిటికీ ఇదో జబ్బు. జెండా డీపీ రాజకీయం కాదట, మిసైల్ వీడియో రాజకీయం కాదట, కింద "నిజమేనా?" అని ఒక ప్రశ్న పెడితే మాత్రం రాజకీయమట. అసలు ఆ తొమ్మిది మంది ఆదివారం ఒకచోట కూర్చుని పోలీసు భయం లేకుండా నవ్వుకుంటున్నారంటే దాని వెనక ఎంత రాజకీయం ఉందో వాళ్లకి గుర్తు చేసేవాళ్లు లేరు. మనల్ని నేరస్తుల్ని చేసిన 377 సెక్షన్ మీద 2009లో ఢిల్లీ హైకోర్టులో గెలిచి, 2013లో సుప్రీంకోర్టులో ఓడిపోయి, 2018లో మళ్లీ గెలిచాం. మన ఊళ్లోనే నిజాం కాలం నాటి 1329 ఫసలీ (అంటే 1919) చట్టం ఒకటి ఉండేది. దాని కింద హిజ్రాలని రిజిస్టర్లో ఎక్కించి, ఆడ బట్టల్లో వీధిలో కనపడితే వారంట్ లేకుండా పట్టుకోవచ్చు. దాన్ని హైకోర్టు కొట్టేసింది మొన్న 2023లో. ఆ కేసు వేసినవాళ్లు 'నో పాలిటిక్స్' అని కూర్చుని ఉంటే అది ఇంకా పుస్తకాల్లోనే ఉండేది.

నీ అనుమానం తప్పేమీ కాదని కూడా చెప్పనివ్వు. పహల్గామ్‌లో ఏప్రిల్ 22న 26 మందిని చంపేశారు. వాళ్ల ఇళ్లల్లో ఏడుపు నిజం, దేశం కోపం నిజం. కానీ మే 8 రాత్రి కరాచీ పోర్టు నిజం కాదు. ఆ రాత్రి చానెళ్లు ఇస్లామాబాద్‌ని కూడా పట్టేసుకున్నాయి, తెల్లారేసరికి వదిలేశాయి. చివరికి ప్రభుత్వమే 'మీ కార్యక్రమాల్లో సైరన్ మోత వాడకండి' అని చానెళ్లకి చెప్పాల్సొచ్చింది, నిజం సైరన్ మోగినా జనం టీవీ అనుకుంటారని. నువ్వు అడిగింది అదే ప్రశ్న. కాకపోతే కొంచెం ముందు అడిగావు.

పోర్టు మీదికి పోలేనివాళ్లు బేకరీ మీదికి పోయారు, అది గుర్తుందా? శంషాబాద్‌లో కరాచీ బేకరీ బోర్డు మీద పడ్డారు. దేశ విభజనలో కరాచీ వదిలి కట్టుబట్టలతో వచ్చిన సింధీ కుటుంబం 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర పెట్టుకున్న షాపు అది. పారిపోయి వచ్చిన ఊరి పేరు బోర్డు మీద రాసుకున్నారు, అదే నేరమైంది. యజమానులు తమ షాపు మీద తామే జాతీయ జెండా కట్టుకోవాల్సొచ్చింది. ఈ ఊళ్లో ఫ్రూట్ బిస్కెట్ డబ్బా మోయకుండా ఊరెళ్లినవాడు ఎవడైనా ఉన్నాడా? మీ గ్రూపులో సహా.

యుద్ధం పేరెత్తితే అనుమానం రావడం నాకు మా నాయనమ్మ నుంచి వచ్చింది. మాది జహీరాబాద్ వైపు. 1948 సెప్టెంబర్‌లో టాంకులతో, విమానాలతో సైన్యం వచ్చి అయిదు రోజుల్లో పని ముగించింది. దానికి పెట్టిన పేరు 'పోలీసు చర్య'. ముందు రజాకార్లు చేసిన దౌర్జన్యాలు నాయనమ్మ కథలు కథలుగా చెప్పేది, ఎవరి గడ్డివామి కాలింది, ఎవరు పొలాల్లో దాక్కున్నారు, అన్నీ. తర్వాత జరిగిన దాని గురించి మాత్రం ఒకే ముక్క: ఆ యేడు ఊరి మోటబావి నీళ్లు ఎవరూ తాగలేదు. ఎందుకని అడిగితే లేచి వెళ్లిపోయేది. నేను ఉద్యోగంలో చేరాక ఎప్పుడో, అప్పుడు ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ గురించి చదివాను. ఆ రోజుల్లో, ఆ తర్వాత చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల వరకు ఉండొచ్చని ఆ కమిటీ అంచనా, అందులో అత్యధికులు ముస్లింలు. ఆ రిపోర్టు దశాబ్దాలు బయటికి రాలేదు. చదివిన రోజు నాకు ఆ అంకెలు గుర్తులేవు, బావి గుర్తొచ్చింది. అప్పటి నుంచి టీవీలో యుద్ధానికి ఏ పేరు పెట్టినా, దాని కింద ఏ బావి ఉందో అనే చూస్తాను.

"పాకిస్తాన్ వెళ్లి గే అని చెప్పుకో" అన్న మాటకి నువ్వేం జవాబిచ్చావో రాయలేదు. జవాబు ఉంది. పాకిస్తాన్‌లో మనలాంటి వాళ్ల మీద ఉన్న సెక్షన్ నంబరెంతో తెలుసా? 377. అదే నంబరు, అదే తెల్లదొర 1860లో రాసిపెట్టిన అదే వాక్యం. మనం వదిలించుకున్నాం, వాళ్లు వదిలించుకోలేదు. గాజాలో ఉన్నదీ బ్రిటిష్ వాళ్లు 1936లో పెట్టిపోయిన చట్టమే. అక్కడ మనవాళ్ల బతుకు నరకమే, కాదనకు, కె అన్నదాంట్లో అంతవరకు అబద్ధం లేదు. కానీ కరాచీలో ఒక పిల్లాడు ఉంటాడు చూడు, ఇంట్లో చెప్పలేక దుప్పటి కింద ఫోన్ వెలుతురులో చాటింగ్ చేసుకునేవాడు. పోర్టు నిజంగా తగలబడి ఉంటే ఆ పక్క బస్తీలో వాడూ ఉండేవాడు. 2023 నవంబర్‌లో ఇజ్రాయెల్ ఒక ఫొటో పెట్టింది, కూలిపోయిన గాజాలో ఒక సైనికుడు ఇంద్రధనుస్సు జెండా పట్టుకుని నిలబడ్డాడు. మన గ్రూపుల్లో దానికి గుండె బొమ్మలు పడ్డాయి. నేను మాత్రం ఆ జెండా వెనకాల ఇళ్లని చూస్తూ ఉండిపోయాను. ఆ ఇళ్లల్లో ఒక్క గే కుర్రాడైనా లేడని ఎవడు చెప్పగలడు?

ఈ పాయింట్లన్నీ గ్రూపులో పెట్టమని మాత్రం చెప్పను. పెడితే గెలుస్తావు, మనిషి పోతాడు. నాకు తెలుసు, నాకలాగే పోయాడు. కాకపోతే అప్పుడు కె పాత్ర నాది.

1999. నాకు ఇరవై. నల్లకుంటలో రూము, డిగ్రీ చదువు. అప్పుడు ఈ యాప్‌లూ ఫ్లాట్‌లూ లేవు, పబ్లిక్ గార్డెన్స్ బెంచీలు, ఆ తర్వాత నాంపల్లిలో ఇరానీ చాయ్. అక్కడే అతను పరిచయం. నాకంటే నాలుగేళ్లు పెద్ద, ప్రింటింగ్ ప్రెస్‌లో పని. ఈ లోకంలో నాలాంటివాడు ఇంకొకడు ఉన్నాడని నాకు మొదట తెలిసింది అతన్ని చూశాకే. ఆ జూన్‌లో ఒక పక్క కార్గిల్, ఇంకో పక్క వరల్డ్ కప్. 8వ తారీకున మాంచెస్టర్‌లో మనవాళ్లు పాకిస్తాన్‌ని ఓడించారు, 13న కార్గిల్‌లో తోలోలింగ్ కొండ మన చేతికొచ్చింది. అతను చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుతూ అన్నాడు, "మ్యాచ్‌కి తెచ్చిన టపాకాయలే మిగిలితే కొండకీ కాల్చినట్టున్నారు. కొండ మీద చచ్చిన పిల్లల వయసు నీదే, తెలుసా?"

నేను "దేశద్రోహి" అన్నాను. గట్టిగా, పక్క టేబుల్ వాళ్లు తిరిగి చూసేలా. అతను చెయ్యి అలాగే ఉంచి నన్నే చూశాడు. నానిపోయిన బిస్కెట్ తెగి చాయ్‌లో పడింది. రెండు చాయ్‌లకి డబ్బులు అతనే ఇచ్చి వెళ్లిపోయాడు. మా దగ్గర సెల్‌ఫోన్లు లేని రోజులు, ఇంటి ఓనర్ నంబరు ఒక్కటే ఉండేది. నెల తర్వాత చేస్తే ఖాళీ చేశాడన్నారు. ఇప్పటికీ దొరకలేదు.

ఆ నెలలోనే మన హైదరాబాద్ మనిషి మేజర్ పద్మపాణి ఆచార్య పోయాడు, జూన్ 28న. మహావీర చక్ర ఇచ్చారు. ఆయన పోయాక కూతురు పుట్టింది. పేపర్లో ఆయన ఫొటో చూసి ఏడ్చాను. అది నిజం ఏడుపే. కానీ అంతకు ముందు ఒక్క పూటైనా ఆ కొండ మీద మనుషులు ఉన్నారని నాకు తట్టలేదు, అది కూడా నిజమే.

ఎందుకు అరిచానో చెబుతాను. అంతకు ఏడాదిన్నర ముందు మా నాన్నకి నా ఉత్తరం ఒకటి దొరికింది. అప్పటి నుంచి నాతో మాట్లాడలేదు, డబ్బులు కూడా అమ్మతోనే పంపేవాడు. ఆ జూన్‌లో నేను కార్గిల్ నిధికి డబ్బా పట్టుకుని అబిడ్స్‌లో తిరుగుతుంటే వచ్చి చూశాడు. వంద నోటు మడిచి డబ్బాలో వేసి, నా భుజం మీద చెయ్యేశాడు. ఆ చెయ్యి పోతుందేమోనన్న భయంతో అరిచాను. నాతో చాయ్ తాగిన అతను దేశాన్ని ఏమీ అనలేదు, ఆ చేతిని కదిపాడు.

నీ ఉత్తరంలో కె మూడు సంక్రాంతులు ఊరికి పోలేదన్నది ఒకచోట ఉంది, ర్యాలీలో నాన్నతో ఫొటో ఇంకోచోట ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి ఇంకోసారి చదువు.

అర్థమైనంత మాత్రాన వాడన్నది ఒప్పయిపోదు. నన్ను నేనే ఒప్పుకోలేదు, వాడినెందుకు ఒప్పుకుంటాను? పైగా ఆ చెయ్యి ఎక్కువ రోజులు ఉండదు. మా నాన్న దసరాకి పెళ్లి సంబంధం తెచ్చాడు, నేను కాదన్నాను, చెయ్యి తీసేశాడు. దేశం సంగతీ అంతే. 377 తీర్పు వచ్చిన నాలుగు నెలలకి, 2019 జనవరిలో, అప్పటి ఆర్మీ చీఫ్ జనరల్ బిపిన్ రావత్ ప్రెస్‌మీట్‌లో సైన్యంలో ఇలాంటివి ఒప్పుకోమని, ఆర్మీ చట్టం ప్రకారమే చూసుకుంటామని చెప్పాడు. 2023 అక్టోబర్ 17న మన పెళ్లిళ్లకి సుప్రీంకోర్టు కూడా కాదంది. కె డీపీలో ఎంత పెద్ద జెండా పెట్టినా ఈ రెండూ మారవు. ఇది వాడికి నువ్వు చెప్పక్కర్లేదు. మనందరిలోకీ బాగా తెలిసింది వాడికే.

కాబట్టి సారీ చెప్పకు, చెప్పాల్సింది నువ్వు కాదు. గ్రూపులోంచి 'లెఫ్ట్' కూడా కొట్టకు, మ్యూట్‌లో పెట్టు. కె ఒక్కడికే మెసేజ్ చెయ్యి, బయట కలుద్దామని. ఫ్లాట్‌లో వద్దు, అక్కడ మిగతా ఏడుగురూ ప్రేక్షకులవుతారు. పాకిస్తాన్, గాజా, మోదీ, ఏదీ ఎత్తకు. "స్క్రీన్‌షాట్ల మాట అన్నావు, అప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు" అని మాత్రం చెప్పు. యుద్ధం మీద మీకు ఎప్పటికీ కుదరకపోవచ్చు, కుదరక్కర్లేదు కూడా. కానీ ఒకడి రహస్యం ఇంకొకడు ఆయుధంగా వాడకూడదన్నది మన మధ్య ముందు నుంచీ ఉన్న కట్టుబాటు. అది తప్పాడని వాడు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే అప్పుడు ఆదివారాలు మానెయ్, నేనే చెబుతున్నాను.

మానేస్తే ఎవరున్నారని అడిగావు. ఊరు తొమ్మిది మందితో అయిపోదు. బంజారాహిల్స్‌లో లామకాన్‌కి ఒక సాయంత్రం పో, ఆ పెద్ద బండరాయి పక్కన చాయ్ తాగుతూ కూర్చో. నాటకమో, సినిమానో, చర్చో ఏదో ఒకటి ఉంటుంది. మొదటిసారి ఎవరూ పలకరించరు, మూడోసారికి ఎవరో ఒకరు జరిగి చోటిస్తారు. 2013 నుంచి ఈ ఊళ్లో ప్రైడ్ నడుస్తోంది, అక్కడ డీజే పాటల దగ్గర కాకుండా హిజ్రా అక్కల వెనకాల నడువు. నువ్వడిగిన ప్రశ్నలకి వాళ్లు ఉలిక్కిపడరు.

అలాగని యుద్ధం వద్దనేవాళ్లంతా మనవాళ్లేనని కూడా అనుకోకు. అమెరికాలో బయార్డ్ రస్టిన్ అని ఒకాయన, రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరనని జైలుకెళ్లాడు. 1953లో ఇద్దరు మగవాళ్లతో పట్టుబడి అరెస్టయితే, ఆయన పనిచేసే శాంతి సంస్థే రాజీనామా చేయించింది. మన ఊళ్లోనూ ఒక శాంతి సభలో వేదిక మీది పెద్దమనిషి శత్రువుని వెక్కిరించడానికి 'కొజ్జా' మాట వాడితే హాలంతా చప్పట్లు కొట్టింది. నేను లేచి వచ్చేశాను. రెండు వైపులా మనకి కుర్చీ ఎప్పుడూ కొంచెం కుంటిదే.

మీ పార్ట్‌నర్ మాట తీసిపారెయ్యకు. పిరికితనంతో అన్న మాట కాదది, లెక్క తెలిసినవాడి మాట. ఉద్యోగం, ఇంటి ఓనరు, అల్వాల్‌లో నాన్న, ఇవన్నీ అతను రోజూ మోస్తున్నాడు. కానీ నువ్వు పదిహేనేళ్లుగా ఒక విషయంలో నోరు మూసుకునే బతికావు, దాని రుచి ఎలా ఉంటుందో నీకు తెలుసు. "బయట ఎక్కడైనా నోరు మూసుకుంటాను, మనింట్లో మాత్రం మూసుకోను" అని అతనికి చెప్పు. ఇంట్లో కూడా కుదరదంటే అది యుద్ధం గొడవ కాదు, ఇంకో ఉత్తరం రాయాల్సిన విషయం.

ఆ సాయంత్రం టీవీ కట్టేసిన పెద్దాయన సంగతి ఒక్క వాక్యంలో దాటేశావు. యూనిఫాం వేసుకున్న మనిషి ఆయన ఒక్కడే మీ కథలో, చానెల్ పెట్టుకుని కూర్చోనిదీ ఆయన ఒక్కడే. ఎందుకు కట్టేశాడో నాకు తెలియదు, ఊహించి రాయను. ఈసారి అల్వాల్ వెళ్లినప్పుడు ఆయన మొక్కల దగ్గరికి వెళ్తుంటే నువ్వూ వెళ్లు. ఎక్కడ పనిచేశారని అడిగితే చాలు. చెబితే విను, చెప్పకపోతే పైపు పట్టుకో.